కనిపెట్టింది వేరొకరు, ఇంటింటికీ చేర్చింది జాన్ బ్యారీ: డబ్ల్యూడీ-40 వ్యాపార కథ

సంక్షిప్తంగా

నీలం, పసుపు రంగుల డబ్బా, ఎర్ర మూత. డబ్ల్యూడీ-40ని గుర్తుపట్టడానికి ఆ రంగులు చాలు. ఈ ద్రవాన్ని 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, క్షిపణుల లోహానికి తుప్పు పట్టకుండా చూడటానికి తయారుచేశారు. 1969లో కంపెనీ పగ్గాలు చేపట్టిన జాన్ ఎస్. బ్యారీ దాన్ని ఇంటి సరుకుగా మార్చారు. ఆయన కొత్త రసాయనం ఏదీ కనిపెట్టలేదు. కంపెనీ పేరు మార్చారు, పేటెంట్ లేని సూత్రాన్ని, అంటే ద్రవం తయారీ పాళ్లను, రహస్యంగానే ఉంచారు, పెద్ద దుకాణాలు తమ ముద్రతో అమ్ముకుంటామంటే ఒప్పుకోలేదు, నమూనాలను ఉచితంగా పంచారు. అన్ని పనులకూ ఒకే డబ్బా అన్న ఆ పద్ధతే కంపెనీని పెంచింది. ఈ ద్రవం దేనికి పనికొస్తుంది, దేనికి పనికిరాదు అన్న గందరగోళానికీ మూలం అదే.

క్షిపణి రేకు కోసం పుట్టిన ద్రవం

డబ్ల్యూడీ-40 నాసా కోసం పుట్టిందని చాలాచోట్ల రాస్తుంటారు. తేదీలు చూస్తే అది కుదరదు. నాసా ఏర్పడింది 1958లో. ఈ ద్రవం సిద్ధమైంది 1953లో. దీన్ని తయారుచేసిన రాకెట్ కెమికల్ కంపెనీ అంటే అప్పట్లో ముగ్గురు మనుషులు, ఒక చిన్న ప్రయోగశాల. విమాన, క్షిపణి పరిశ్రమకు తుప్పు నివారణ ద్రవాలు, జిడ్డు వదిలించే ద్రవాలు తయారుచేసి అమ్మాలన్నది వాళ్ల ఆలోచన. లోహం మీది నీటిని తొలగించే మిశ్రమం 40వ ప్రయత్నంలో కుదిరింది. ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’ అనే మాటల మొదటి అక్షరాలకు ఆ ప్రయత్నం సంఖ్య చేరి పేరైంది. కంపెనీ తన చరిత్రలో ఈ ఘనతను నార్మన్ లార్సెన్‌కు ఇస్తుంది. ఐవర్ నార్మన్ లాసన్ అనే వ్యక్తి దీన్ని తయారుచేశారన్న వాదన కూడా ఉంది.

మొదటి పెద్ద వినియోగదారు కాన్వెయిర్ సంస్థ. అట్లాస్ క్షిపణిని తయారుచేసింది ఆ సంస్థే. దాని ఇంధన ట్యాంకు గోడ ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా పల్చని స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. లోపల ఊతంగా చట్రం ఏమీ ఉండదు. గాలి నింపిన బుడగలా లోపలి పీడనమే దాన్ని నిలబెడుతుంది. ఆ పీడనం పోతే ఏమవుతుందో 1963 మేలో వాండెన్‌బర్గ్ స్థావరంలో కనిపించింది. ప్రయోగ వేదిక మీద ఉన్న అట్లాస్ ఒకటి తన బరువుకు తానే నలిగి కూలిపోయింది. ఇంత పల్చని రేకును సముద్రపు గాలి తగిలే చోట నిల్వ ఉంచాలంటే చిన్న తుప్పు మచ్చను కూడా ఉపేక్షించడానికి లేదు. రంగు పూద్దామంటే బరువు పెరుగుతుంది. తేమను తొలగించి, కనిపించీ కనిపించని నూనె పొరను మిగిల్చే ద్రవం కావాల్సి వచ్చింది అందుకే.

అది ఇళ్లకు చేరిన తీరును కంపెనీ దాచుకోలేదు. కాన్వెయిర్ ఉద్యోగులు డబ్బాలను గుట్టుగా ఇంటికి పట్టుకెళ్లేవారు. తలుపు మడతబందులకూ కారు భాగాలకూ పనికొస్తోందని అర్థమయ్యాక, రాకెట్ కెమికల్ దాన్ని 1958లో ఏరోసోల్ డబ్బాల్లో నింపి శాన్ డియాగో దుకాణాల్లో పెట్టింది. 1960 నాటికి సిబ్బంది ఏడుగురయ్యారు. కార్ల డిక్కీల్లో పెట్టెలు వేసుకుని హార్డ్‌వేర్ దుకాణాలకు, క్రీడా సామగ్రి దుకాణాలకు తిరిగి రోజుకు సగటున 45 పెట్టెలు అమ్మేవారు. 1961లో కార్లా తుపాను టెక్సస్ తీరాన్ని ముంచెత్తింది. నీటిలో నానిన వాహనాలను, యంత్రాలను బాగుచేసుకోవడానికి అటునుంచి మొట్టమొదటిసారి లారీ నిండా సరుకు కావాలని ఆర్డరు వచ్చింది. ఉద్యోగులు శనివారం కూడా వచ్చి పనిచేయాల్సి వచ్చింది.

1969లో బ్యారీకి దక్కినది ఇదీ: పని చేసే సరుకు, దాన్ని ఇష్టపడే జనం, చిన్న కంపెనీ. అమ్మకాలు ఏడాదికి 20 లక్షల డాలర్ల ప్రాంతంలో ఉండేవి.

డబ్బాలో ఏముంది, అది చేసే పనేమిటి

వ్యాపారం సంగతికి వెళ్లే ముందు ఈ ద్రవం పనితీరు తెలియాలి. బ్యారీ తీసుకున్న నిర్ణయాలు కొన్ని దీని స్వభావం మీదే నిలబడ్డాయి.

ఉక్కు తుప్పు పట్టాలంటే ఇనుము, ఆక్సిజన్, నీరు మూడూ కలవాలి. ఇనుమును మార్చలేం, గాలిని ఆపలేం. నీటిని తప్పిస్తే తుప్పు ఆగుతుంది. తడి ఇనుప రేకు మీద నిలిచిన నీటి చుక్క పక్కన ఈ ద్రవాన్ని కొట్టి చూస్తే విషయం బోధపడుతుంది. ద్రవం పల్చగా పరుచుకుంటూ చుక్క అంచు కిందికి పాకుతుంది. చుక్క లోహం మీద పట్టు వదిలి గుండ్రబడి పక్కకు జారిపోతుంది. కారణం తలతన్యత, అంటే ద్రవం ఉపరితలం సాగదీసిన పొరలా ముడుచుకోవాలని చూసే గుణం. గది ఉష్ణోగ్రత దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్ల పైచిలుకు. ఇలాంటి పల్చని పెట్రోలియం ద్రావకాలది అందులో మూడో వంతు దగ్గర ఉంటుంది. తలతన్యత తక్కువైన ద్రవం లోహాన్ని అంటిపెట్టుకుని సులువుగా పాకుతుంది. నీరు దాగిన సందుల్లోకీ మరల మధ్యకూ చొరబడుతుంది.

డబ్బాలోని పెట్రోలియం హైడ్రోకార్బన్లలో రెండు రకాలున్నాయి. పెద్ద వాటా తేలికపాటి ద్రావకానిది. అది చొరబడుతుంది, జిడ్డును కరిగిస్తుంది, తరవాత ఆవిరైపోతుంది. అంతకన్నా తక్కువ పాళ్లలో ఉన్న ఖనిజ తైలం ఆవిరి కాకుండా లోహం మీద పల్చటి పొరగా మిగులుతుంది. కందెన పని చేసేది, తేమను అడ్డుకునేది ఆ పొరే. ద్రవాన్ని బయటికి తోసేందుకు ఇప్పటి డబ్బాల్లో కార్బన్ డయాక్సైడ్ వాడుతున్నారు. చేప నూనె కలుస్తుందన్న ప్రచారం నిజం కాదని, సిలికాన్, కిరసనాయిలు, గ్రాఫైట్ కూడా లేవని కంపెనీ చెబుతోంది.

మన మెకానిక్ షెడ్లలో తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టు మీద కిరసనాయిలు పోసి, కాసేపు నాననిచ్చి, పానా వేసి తిప్పడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అందులో పనిచేసేదీ ఇంచుమించు ఈ సూత్రమే. కిరసనాయిల్లో ఉండేవీ తేలికపాటి హైడ్రోకార్బన్లే. అవీ తుప్పు సందుల్లోకి దిగుతాయి. తేడా తరవాత మిగిలే దాంట్లో ఉంది. కిరసనాయిలు ఆరిపోయాక లోహానికి రక్షణ ఏమీ మిగలదు. తుప్పును ఆపేందుకు కలిపిన పదార్థాలు, ఖనిజ తైలపు పొర డబ్ల్యూడీ-40కి అదనపు బలం.

రాకెట్లు చేయని కంపెనీకి రాకెట్ పేరెందుకు?

బ్యారీ 1924లో మినియాపొలిస్‌లో పుట్టారు. రాకెట్ కెమికల్ కంపెనీలో ఆయన మామగారైన సై ఇర్వింగ్ స్థానంలోకి 1969లో అధ్యక్షుడిగా వచ్చారు. మొదటి నిర్ణయం కంపెనీ పేరు మార్చడం. రాకెట్లేమీ తయారుచేయడం లేదు కదా అన్నది ఆయన వాదన. కంపెనీ పేరు డబ్ల్యూడీ-40 కంపెనీ అయింది.

పైకి ఇది చిన్న మార్పే. లెక్క వేసి చూస్తే కాదు. అప్పటికి ఆ సంస్థ నిజంగా సంపాదించుకున్న ఆస్తి ఒక్కటే, డబ్బా మీది పేరు. జనం దుకాణానికి వెళ్లి అడిగేది ఆ పేరుతోనే. రాకెట్ కెమికల్ అన్న పేరు ఎవరికీ పట్టలేదు. కంపెనీకీ సరుకుకూ ఒకే పేరు పెడితే ప్రకటన మీద ఖర్చుపెట్టే ప్రతి డాలరూ ఒకే చోట పేరుకుంటుంది. వాటాలు అమ్మేటప్పుడూ ఇది కలిసొచ్చింది. 1973లో కంపెనీ పబ్లిక్ ఇష్యూకు వచ్చినప్పుడు కొనేవాళ్లకు తాము దేనిలో డబ్బు పెడుతున్నామో విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది. తొలిరోజే వాటా ధర 61 శాతం పెరిగింది.

తమది తయారీ కంపెనీలా కనిపించినా నిజానికి మార్కెటింగ్ కంపెనీ అని బ్యారీ ఒక పత్రికకు చెప్పారు. ఆ మాటకు తగ్గట్టే కంపెనీ నడిచింది. సూత్రం ప్రకారం మూల మిశ్రమాన్ని తయారుచేయడం వరకే కంపెనీ పని. దాన్ని బయటి ప్యాకింగ్ సంస్థలకు పంపితే వాళ్లు ద్రావకం కలిపి డబ్బాల్లో నింపేవారు. దీనివల్ల పెద్ద ఫ్యాక్టరీల మీద పెట్టుబడి తప్పింది. అమ్మకాలు ఎంత పెరిగినా సిబ్బంది అదే స్థాయిలో పెరగనక్కర్లేకపోయింది. సూత్రం మొత్తం బయటివాళ్ల చేతికి వెళ్లలేదు కూడా.

పేటెంట్ లేకపోవడమే రక్షణ

డబ్ల్యూడీ-40కి పేటెంట్ తీసుకోలేదు. వినగానే ఇది పొరపాటులా అనిపిస్తుంది. పేటెంట్ అంటే ఒక ఒప్పందం. ఏం కనిపెట్టారో, ఎలా చేయాలో బహిరంగంగా రాసి ఇవ్వాలి. బదులుగా కొన్నేళ్లపాటు వేరొకరు చేయకుండా ప్రభుత్వం కాపాడుతుంది. గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. అప్పటి అమెరికా చట్టంలో ఆ గడువు మంజూరైన నాటినుంచి 17 ఏళ్లు. 1953లో దరఖాస్తు పెట్టి, రెండు మూడేళ్లలో మంజూరై ఉంటే 1970ల తొలి సంవత్సరాల్లోనే రక్షణ ముగిసేది. బ్యారీ దేశమంతటా సరుకు విస్తరిస్తున్న సరిగ్గా ఆ కాలంలో, కొలతలతో సహా సూత్రం ప్రత్యర్థుల చేతిలో ఉండేది. అప్పటికే ఏరోసోల్ వ్యాపారంలో తలపండిన రసాయన సంస్థలకు దాన్ని చేసి చూపడం ఎంత పని?

వ్యాపార రహస్యానికి కాలపరిమితి లేదు. రహస్యంగా ఉన్నంత కాలం అది ఆస్తే. దానికి మరో బలహీనత ఉంది. ఎవరైనా డబ్బా కొని, ప్రయోగశాలలో విడదీసి, అలాంటిదే చేస్తే చట్టం అడ్డుచెప్పదు. 2009లో ఒక అమెరికా పత్రిక ఆ పనే చేయించి, ఏయే హైడ్రోకార్బన్లు ఉన్నాయో అచ్చువేసింది. కంపెనీ వ్యాపారానికి దానివల్ల పెద్ద దెబ్బేమీ తగల్లేదు.

ఇక్కడే బ్యారీ ఆలోచన లోతు తెలుస్తుంది. రహస్యాన్ని ఆయన తొలి కోటగోడగా మాత్రమే చూశారు. త్రీఎం, డ్యూపాంట్ లాంటి మహా సంస్థలు పోటీ సరుకుతో వచ్చినప్పుడు, వాళ్ల దగ్గర లేనిది పేరేనన్నది ఆయన ధీమా. ఒకే రకంగా పనిచేసే ద్రవాన్ని వాళ్లు తయారుచేయగలరు. దుకాణంలో అలవాటుగా చేయి వెళ్లే డబ్బాను తయారుచేయలేరు. సూత్రం బ్యాంకు ఖజానాలో ఉందన్న కథ కూడా చివరికి ఆ పేరుకే ఉపయోగపడింది. రహస్యం ఉందని అందరికీ తెలియడం వల్ల వచ్చే ఆకర్షణ, రహస్యం విలువ కన్నా తక్కువేమీ కాదు.

మన దేశంలో చిన్న తయారీదారులకు ఈ చర్చ దూరపుదేం కాదు. పేటెంట్ ఇక్కడ 20 ఏళ్లు. వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం ఇప్పటిదాకా లేదు. ఉద్యోగులతో, సరఫరాదారులతో చేసుకున్న ఒప్పందాల ఆధారంగా కోర్టుకు వెళ్లాల్సిందే. ప్రత్యేక చట్టం అవసరమని లా కమిషన్ 2024 మార్చిలో ఇచ్చిన 289వ నివేదికలో సిఫార్సు చేసింది. పచ్చడి పాళ్ల నుంచి పురుగుమందు మిశ్రమాల దాకా సూత్రమే పెట్టుబడిగా ఉన్నవారికి ఇది పట్టించుకోవాల్సిన విషయం.

సియర్స్‌కు కుదరదన్నారు

అప్పట్లో అమెరికా చిల్లర వర్తకంలో సియర్స్ మాటకు తిరుగు లేదు. డబ్ల్యూడీ-40ని తమ సొంత ముద్రతో అమ్ముకుంటామని ఆ సంస్థ అడిగింది. బ్యారీ ఒప్పుకోలేదు. చిన్న కంపెనీ ఇంత పెద్ద ఆర్డరును వదులుకోవడం మూర్ఖత్వంలా కనిపించవచ్చు. ఒప్పుకుంటే ఏం జరిగేదో చూస్తే సంగతి తెలుస్తుంది.

ఒకే ద్రవం రెండు డబ్బాల్లో, రెండు ధరల్లో దొరుకుతుందని జనానికి తెలిసిన రోజున ఖరీదైన డబ్బాకు ఎక్కువ ధర ఇచ్చేవారు తగ్గిపోతారు. సియర్స్ తన ముద్రతో అమ్మే సరుకు పెరిగేకొద్దీ కంపెనీ ఆదాయంలో ఒకే కొనుగోలుదారు వాటా పెరుగుతుంది. అప్పుడు ధర నిర్ణయించేది కొనేవాడే. ఆ తరవాత మరెవరైనా తక్కువకు నింపి ఇస్తామంటే, డబ్బా మీద సియర్స్ పేరే ఉంది కాబట్టి లోపలి ద్రవాన్ని మార్చినా జనానికి తెలియదు. ఇలా పెద్ద దుకాణాలకు సరుకు చేసిపెట్టి, సొంత పేరు పోగొట్టుకుని, చివరికి కూలికి నింపే సంస్థలుగా మిగిలిన తయారీదారులు ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఆ దారిలో మొదటి అడుగే వేయకూడదని బ్యారీ నిర్ణయించుకున్నారు. డబ్బా రంగులు, ముద్ర, ధర విషయంలో ఆయన పట్టు సడలించలేదు.

కుదరదనడం ఒక ఎత్తు. అన్న తరవాత నిలబడాలంటే అమ్ముకునే దారులు వేరే ఉండాలి. ఆయన పగ్గాలు చేపట్టినప్పుడు 1,200 మంది టోకు వర్తకులుండేవారు. దశాబ్దం దాటేసరికి ఆ సంఖ్య 14,000కు చేరింది. హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లని వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కూరగాయలూ సరుకులూ కొనే సూపర్‌మార్కెట్లోనే ఈ డబ్బా కనపడాలని బ్యారీ పట్టుబట్టారు. ఇంటి తలుపు కిర్రుమనడం రోజంతా వినేది ఇంట్లో ఉండేవాళ్లే. డబ్బా వాళ్ల చేతికి అందాలన్నది సరైన అంచనా. ఏ ఒక్క కొనుగోలుదారు పోయినా కంపెనీ కుంగిపోని స్థితి ఈ విస్తరణ వల్లే వచ్చింది. సియర్స్‌కు చెప్పిన సమాధానానికి అసలు బలం ఇదే. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా, సరఫరా మార్గాలకూ బేరమాడే శక్తికీ ఉన్న ఈ ముడి గుర్తుంచుకోదగింది.

ఉచిత నమూనా చేసిన పని

వియత్నాం యుద్ధకాలంలో కంపెనీ నెలకు 10,000 నమూనా డబ్బాలు సైనికులకు పంపేది. అడవి తేమలో తుపాకులు తడవకుండా, తుప్పు పట్టకుండా ఉంచుకోవడానికి అవి పనికొచ్చాయి. దీని వెనక దేశభక్తి ఎంత, వ్యాపారం ఎంత అని వేరుచేయడం కష్టం. ఫలితం మాత్రం స్పష్టం. ఇంటికి తిరిగొచ్చిన యువకులు గరాజ్‌లో, పొలంలో, పడవల్లో అదే డబ్బా కోసం వెతికారు.

ఉచిత నమూనా అన్ని సరుకులకూ పనిచేయదు. ఒక్కసారి వాడగానే తేడా కంటికి కనిపించే సరుకుకే పనిచేస్తుంది. బిగుసుకున్న నట్టు కదలడం, తలుపు చప్పుడు ఆగడం నిమిషాల్లో తేలిపోతాయి. తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత సభల్లో దాన్ని ఉచితంగా పంచారని చెబుతారు. అదీ రాసుకున్న కాసేపటికే ఫలితం తెలిసే సరుకే. దాన్నీ జనం సీసా పసుపురంగుతో, వాసనతో గుర్తుపట్టారు. పంతులుగారు ఆ సంపాదనను ఆంధ్రపత్రికకు, గ్రంథ ప్రచురణకు, స్వాతంత్ర్యోద్యమానికి మళ్లించారు. ఆ చరిత్ర వేరు. సరుకును జనంలోకి దించిన తీరులో మాత్రం ఇద్దరికీ పోలిక ఉంది.

నమూనాలు మరో పని కూడా చేశాయి. వాడినవాళ్లు కంపెనీ ఊహించని ఉపయోగాలు కనిపెట్టసాగారు. స్టిక్కర్ల జిగురు, తారు మరకలు వదిలించేవారు, పారలకు మట్టి అంటుకోకుండా పూసేవారు, తాళ్ల కొక్కేలకు కొట్టేవారు. బస్సు కింద చుట్టుకున్న కొండచిలువను విడిపించడానికి ఆసియాలో ఒక డ్రైవరు దీన్ని వాడాడని, ఎయిర్ కండిషనింగ్ గొట్టంలో ఇరుక్కున్న దొంగను పోలీసులు దీంతో బయటికి లాగారని కంపెనీ చెప్పుకునే కథలు చాలా ప్రచారంలో ఉన్నాయి. ఉపయోగాలు 2,000కు పైగా ఉన్నాయని కంపెనీ లెక్క. ప్రకటనల్లో చెప్పాల్సిన మాటలు వాడకందార్లే రాసిపెట్టినట్టయింది.

ఎక్కడ పనికిరాదు

అన్నిటికీ పనికొస్తుందన్న పేరు వచ్చాక అన్నిచోట్లా కొట్టడం మొదలైంది. తికమక ఇక్కడే మొదలవుతుంది. డబ్ల్యూడీ-40లో కందెన గుణం ఉంది, కానీ అది పల్చటి పొర. బరువు మోసే చోట, నిరంతరం తిరిగే చోట ఆ పొర నిలవదు. పైగా అందులోని ద్రావకం అక్కడున్న గ్రీజును కరిగించి కడిగేస్తుంది. సీలింగ్ ఫ్యాను చప్పుడు చేస్తోందని బేరింగులోకి కొడితే మొదటి రెండు రోజులు హాయిగా తిరుగుతుంది. ద్రావకం ఆవిరై, పాత గ్రీజు కారిపోయి, మిగిలిన పొర అరిగాక చప్పుడు మునుపటికన్నా పెరుగుతుంది. అక్కడ కావాల్సింది గ్రీజు, లేదా కొత్త బేరింగు.

సైకిల్ గొలుసుకు కూడా ఇదే వర్తిస్తుంది. మురికి, తుప్పు వదిలించడానికి డబ్బా బాగా పనికొస్తుంది. తుడిచేశాక గొలుసు నూనె వేయాలి. కుట్టుమిషన్‌కు దాని నూనె ఉండనే ఉంది, దాని చిక్కదనం వేరు. తాళం బిగుసుకుంటే తెరవడానికి పనికొస్తుంది. తరచూ కొడుతూ పోతే జిడ్డు పొరకు దుమ్ము అంటుకుని లోపలి పిన్నులు మళ్లీ మొరాయిస్తాయి.

రెండు చోట్ల ప్రమాదం కూడా ఉంది. బండి బ్రేకు డిస్కు మీద, బ్రేకు ప్యాడ్ల మీద ఏ నూనె పడినా రాపిడి తగ్గి బ్రేకు పట్టదు. ఇక ఈ ద్రవం మండే గుణమున్నది. పొయ్యి దగ్గర, కరెంటు సరఫరా ఉన్న స్విచ్చుల మీద కొట్టకూడదు. కీళ్ల నొప్పులకు రాసుకుంటే తగ్గుతుందన్న ప్రచారాన్ని కంపెనీయే ఖండించింది. చర్మానికి రాసుకోవడానికి తయారుచేసిన వస్తువు కాదిది.

పనికో డబ్బా చొప్పున అమ్మి ఉంటే ఈ గందరగోళం ఉండేది కాదు. కానీ అప్పుడు ఏ డబ్బాకీ ఈ పేరు వచ్చేది కాదు. బ్యారీ ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్న కాలమంతా కంపెనీ ఒక్క సరుకు మీదే నడిచింది. డబ్బా మీద పరిమితులను పెద్దగా చెప్పడం కన్నా ఉపయోగాల జాబితా పెంచడమే వ్యాపారానికి లాభం. ఆ ఎంపికకు వినియోగదారులు చెల్లించిన ధర ఇదే. ప్రత్యేక అవసరాల కోసం సిలికాన్ కందెనలు, గ్రీజు స్ప్రేలు, సైకిల్ గొలుసు నూనెలు అదే ముద్ర కింద వచ్చింది చాలా ఆలస్యంగా, ఆయన తరవాతే.

ఒక్క సరుకు మీద ఎంతకాలం?

బ్యారీ 1990లో ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి నుంచి తప్పుకుని, 2000 వరకు బోర్డు చైర్మన్‌గా కొనసాగారు. 1993 నాటికి అమ్మకాలు 10 కోట్ల డాలర్లు దాటాయి. అమెరికాలో ప్రతి ఐదు ఇళ్లలో నాలుగింట ఈ డబ్బా ఉందని కంపెనీ ప్రకటించింది. ఆ అంకె ఘనతతో పాటు హెచ్చరికను కూడా మోసుకొచ్చింది. ఐదిళ్లలో నాలుగింట ఉన్నాక ఇంకెవరికి అమ్మాలి? పైగా ఇది నెలకొకటి ఖర్చయ్యే సబ్బు లాంటిది కాదు, ఇంట్లో ఒక డబ్బా ఏళ్లు వస్తుంది.

కంపెనీ రెండు దారులు పట్టింది. ఒకటి విదేశాలు. రెండోది వేరే సరుకులు కొనడం. 1894లో అమెరికాలో మొదలైన త్రీ-ఇన్-వన్ నూనెను 1995లో, లావా సబ్బును 1999లో సొంతం చేసుకుంది. తరవాత తివాచీలు, మరుగుదొడ్లు శుభ్రం చేసే సరుకులు కూడా కొన్నది. వీటిలో త్రీ-ఇన్-వన్ అసలు వ్యాపారానికి దగ్గరిది కాబట్టి నిలదొక్కుకుంది. శుభ్రపరిచే సరుకుల్లో ఆ బలం కుదరలేదు. ఆ రంగంలో మహా సంస్థలున్నాయి, ముద్రలకు డబ్ల్యూడీ-40కి ఉన్న పట్టు లేదు. ఇటీవల కంపెనీ అమెరికా, బ్రిటన్‌లలోని ఆ ముద్రలను అమ్మివేయాలని నిర్ణయించి, మళ్లీ నీలం డబ్బా మీదే దృష్టి పెట్టింది. పాతికేళ్లు చుట్టు తిరిగి బ్యారీ గీసిన గీత దగ్గరికే వచ్చినట్టయింది.

డబ్బాలోనూ మార్పు వచ్చింది. పాత డబ్బాకు టేపుతో అంటించిన సన్నటి ఎర్ర గొట్టం మొదటి వాడకానికే ఎక్కడో పడిపోయేది. అది లేకపోతే ఇరుకు సందులోకి ద్రవం పోదు. 2005లో గొట్టాన్ని మూతకే శాశ్వతంగా బిగించారు. పైకెత్తితే ధార, పడుకోబెడితే తుంపర. లోపలి ద్రవం అదే, డబ్బా మాత్రం కాస్త ఎక్కువ ధరకు అమ్ముడుపోయింది. వాడకందారు చిరాకును లాభంగా మార్చుకోవడంలో ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకడం కష్టం.

బ్యారీ 2009 జులై 3న శాన్ డియాగోలోని లా జోలాలో, ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధితో కన్నుమూశారు. వయసు 84. అంతకుముందు ఏడాది, 2008లో కంపెనీ అమ్మకాలు సుమారు 31.7 కోట్ల డాలర్లు. 2024 ఆర్థిక సంవత్సరానికి అవి 59 కోట్ల డాలర్లకు చేరాయి.

ఇకమీద ఒత్తిడి ఎటునుంచి?

పోటీ సంస్థల కన్నా పర్యావరణ నిబంధనలే ఈ వ్యాపారానికి ఇప్పుడు ఎక్కువ పరీక్ష పెడుతున్నాయి. ఆవిరయ్యే సేంద్రియ ద్రావకాలు గాలిలో చేరి సూర్యకాంతిలో ఓజోన్ పొగమంచుకు కారణమవుతాయి. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు ఇలాంటి కందెనల్లో ఆ ద్రావకాల వాటాను అంచెలంచెలుగా తగ్గిస్తూ వచ్చింది. డబ్ల్యూడీ-40 పనిచేసేదే ద్రావకం చొరబడి ఆవిరి కావడం వల్ల. పూర్తిగా తీసేయడానికి లేదు, ఉన్నట్టే ఉంచడానికీ లేదు. మెల్లగా ఆవిరయ్యే ద్రావకాలకు మారడం, తోసే వాయువుగా కార్బన్ డయాక్సైడ్ వాడటం ఈ ఒత్తిడికి తగినట్టు చేసుకున్న సర్దుబాట్లే. మెల్లగా ఆరే ద్రావకం వల్ల వాడకంలోనూ తేడా వస్తుంది. కొట్టిన చోట తడి ఎక్కువసేపు ఉంటుంది, తుడిచేయాల్సిన అవసరం పెరుగుతుంది.

కాబట్టి 1953 నాటి నోటుపుస్తకంలోని పాళ్లూ, ఈరోజు డబ్బాలో నింపుతున్న ద్రవమూ అచ్చంగా ఒకటి కావు. తోసే వాయువు మారింది, ద్రావకం మారింది, మూత మారింది. కొనేవారు గుర్తుపట్టే పేరూ రంగులూ మాత్రం బ్యారీ కాపాడినవే.